మౌన నివారణ పథకం

పసుమర్తి హైమావతి నోరు మూసుకోవడం వల్ల ప్రభుత్వానికి జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. ఆడవాళ్లు నోరు మూసుకుంటే సంసారాలు బాగుపడతాయని చెప్పే పెద్దలు మన దేశంలో వాడవాడలా ఉన్నారు. ఆ పెద్దలే రాష్ట్ర ప్రసార మండలిలో సభ్యులయ్యాక, నోరు మూసుకున్న ఈ ఒక్క ఆడమనిషి కోసం ఒక ఉపసంఘాన్నీ, ఒక నియమావళినీ, ఒక అధికారినీ, చివరికి ఒక వేణువునీ ఏర్పాటు చెయ్యాల్సి వచ్చింది.

హైమావతి మండలి వారి టీవీలో "ఎదురెదురుగా" అనే రాజకీయ కార్యక్రమం నడిపేది. మంత్రులూ, ప్రతిపక్షాలవాళ్లూ వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చునేవారు. ఆవిడ ప్రశ్న అడిగేది, వాళ్లు జవాబు చెప్పేవారు. మిగతా చోట్ల అంతటితో అయిపోతుంది. హైమావతి దగ్గర అక్కడ మొదలయ్యేది. జవాబు విన్నాక ఆవిడ రెండో ప్రశ్న వేసేది కాదు. తల ఊపేది కాదు, నవ్వేది కాదు. కళ్లజోడులోంచి ఎదుటి మనిషిని ఊరికే చూస్తూ కూర్చునేది. ఎదుటివాడు చూస్తే మైకు ముందు పుట్టి మైకు ముందు పెరిగినవాడు. నిశ్శబ్దం వాడి ఒంటికి సరిపడదు. కాసేపు కుర్చీలో అటూ ఇటూ కదిలేవాడు, కండువా సర్దుకునేవాడు, మంచినీళ్లు తాగేవాడు. ఇంక ఉండబట్టలేక, "అంటే ఏమిటంటేనమ్మా..." అని మొదలుపెట్టేవాడు. ఆ "అంటే ఏమిటంటే" తరవాత వచ్చేదే నిజం.

ఈ విద్య ఆవిడ ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. రేడియోలో చేరిన కొత్తలో ఒక పెద్ద మంత్రిగారిని ఇంటర్వ్యూ చేస్తూ, భయంతో నాలుక పిడచగట్టుకుపోయి, రెండో ప్రశ్న ఏమిటో మర్చిపోయింది. ఈ పిల్లకి అంతా తెలిసిపోయింది కాబట్టే ఇలా గుడ్లప్పగించి చూస్తోందని మంత్రిగారు అనుకున్నారు. తన బావమరిది సిమెంటు వ్యవహారం అడగకుండానే అంతా చెప్పేశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ ఎవరూ గుమ్మడికాయ మాట కూడా ఎత్తలేదు. ఆ వారంలోనే ఆయన పదవి పోయింది, హైమావతికి ప్రమోషన్ వచ్చింది. మతిమరుపు వల్ల పైకొచ్చినవాళ్లు రాజకీయాల్లో బోలెడంతమంది ఉన్నారు గాని, వార్తల రంగంలో ఆవిడొక్కతే.

రేడియో నుంచి టీవీకి వచ్చాక ఆ మౌనానికి మొహం కూడా తోడైంది. ఆవిడ ఎదుట కూర్చుని ఒక రోడ్ల మంత్రి వెయ్యని రోడ్డు గురించీ, ఒక విద్యామంత్రి తను చదవని డిగ్రీ గురించీ చెప్పేశారు. ఒక ప్రతిపక్ష నాయకుడైతే, పాదయాత్రలో ఎక్కువ భాగం కారులోనే చేశానని ఒప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంట్లో ఆవిడ భర్త కూడా, అన్నం వడ్డించి ఆవిడ అలా నిలబడిందంటే, ముద్ద మింగకముందే చీట్లాటలో పోయిన డబ్బు సంగతి బయటపెట్టేవాడు. జనం మాత్రం ఆవిడకి బ్రహ్మరథం పట్టారు. గురువారం సాయంత్రం బజార్లో కూరగాయలవాళ్లు కూడా బేరాలు ఆపి టీవీ ముందు నిలబడేవాళ్లు.

అలాంటి సమయంలో ప్రణాళికల మంత్రిగారు ఆవిడ మౌనానికి తట్టుకోలేక, "అసలు ప్రణాళిక అంటే ఏమిటో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదమ్మా," అనేశారు. మర్నాడు మండలికి ప్రభుత్వం నుంచి ఫిర్యాదు వచ్చింది. దానిలోని వాదం చాలా గట్టిది. మౌనం అర్ధాంగీకారమని పెద్దలన్నారు. అంటే మౌనంలో సగం అంగీకారం ఉంది. మిగతా సగం ఏమిటి? అనంగీకారం! కనుక వ్యాఖ్యాత మౌనంగా ఉన్నప్పుడల్లా మంత్రిగారి మాటను సగం కాదంటోంది. ప్రభుత్వ ఉద్యోగి ప్రభుత్వాన్ని సగం కాదనవచ్చునా?

మండలి అధ్యక్షులు తాళ్లూరి పురుషోత్తమరావుగారు హైమావతిని పిలిపించారు. ఆయన పూర్వాశ్రమంలో తెలుగు ఉపన్యాసకులు. పదవిలోకి వచ్చినప్పటినుంచీ మాట్లాడినట్టు మాట్లాడటం మానేసి, శిలాశాసనం చెక్కినట్టు మాట్లాడుతున్నారు.

"మీపై తీవ్రమైన అభియోగము వచ్చియున్నది," అన్నారాయన.

"నేనేమన్నానండీ?" అంది హైమావతి.

"ఏమియు అనలేదు. అదియే అభియోగము."

"ప్రశ్న అడిగానండి. ఆయన చెప్పింది విన్నాను. వినేటప్పుడు మాట్లాడకూడదు కదండీ?"

"ఆయన చెప్పుట ముగిసిన పిదప కూడా మీరు వినుచుంటిరి. లేనిదానిని వినుట పక్షపాతము కాదా? మౌనమనునది కూడ ఒక వ్యాఖ్యయే. వ్యాఖ్యానించు హక్కు వ్యాఖ్యాతకు లేదు. కావున మౌనము వహించు హక్కును లేదు."

వ్యాఖ్యాతకు వ్యాఖ్యానించే హక్కు లేకపోతే ఆ పేరెందుకు పెట్టారో హైమావతికి అర్థం కాలేదు. అడగబోయి, ఈయనతో వాదించే కంటే గోడకు తల కొట్టుకుంటే కనీసం గోడ సున్నమైనా రాలుతుందని ఊరుకుంది. ఆవిడ ఊరుకోవడం చూసి అధ్యక్షులవారు గబుక్కున బల్లమీది గంట కొట్టి, ఆమెను బయటికి పంపించేశారు.

ఉపసంఘం వేశారు. జవాబు కాగానే హైమావతి "ఊఁ" అంటే సరిపోతుందని మొదటి ప్రతిపాదన. "ఊఁ" అంటే ఒప్పుకున్నట్టవుతుంది, అది ప్రతిపక్షాలకు అన్యాయమన్నారు. పోనీ "అలాగా" అంటే? దానిలో అనుమానం ధ్వనిస్తోందన్నారు. తల అడ్డంగా ఊపితే కాదన్నట్టు, నిలువుగా ఊపితే భజన. దగ్గితే అనారోగ్యం, అందులోనూ ఒక విమర్శ ఉంది. మనిషి చెయ్యగల శబ్దాలన్నీ పక్షపాతపూరితమని తేల్చి, ఉపసంఘం వాద్యాల మీదికి వెళ్లింది. వయొలిన్ ఏడుస్తుంది. మృదంగం బెదిరిస్తుంది. సన్నాయి పెళ్లివారి వాద్యం, మంత్రులను ఎవరికో కట్టబెడుతున్నట్టుంటుంది. చివరికి వేణువు ఏకగ్రీవంగా నెగ్గింది. రాగం విషయంలో సాంస్కృతిక శాఖను సంప్రదించారు. శివరంజని వేస్తే ప్రభుత్వం ఏడుస్తున్నట్టుంటుందనీ, మోహన రాగం వేస్తే రాష్ట్రం పచ్చగా ఉన్నట్టుంటుందనీ వాళ్లు సెలవిచ్చారు. దాంతోపాటు ఒక షరతు కూడా పెట్టారు. ఆలాపన ఒకసారి మొదలైందంటే మధ్యలో ఆపకూడదు. ఆపడం కళకు అవమానం.

మౌన నియంత్రణాధికారిగా చిట్టెల భీమేశ్వరం అనే ఆయన్ను వేశారు. పూర్వం ఆయన రైల్వే గేటు దగ్గర పనిచేశాడు. రైలు రాకపోయినా, వస్తుందని రాసి ఉన్న వేళకి గేటు వేసి తీరిన మనిషి. ఆ గేటు దగ్గర ఒకసారి పెళ్లికొడుకు ఊరేగింపు ముహూర్తం దాటేదాకా నిలబడిపోయిందట. ఇలాంటి మనిషి దొరకడం మండలి అదృష్టం. కంట్రోల్ రూములో ఆయన ముందు ఒక ఎర్ర బటన్ పెట్టారు. హైమావతి నిశ్శబ్దం కాగానే దాన్ని నొక్కాలి. చూసేవాళ్లకు వేణునాదం వినిపిస్తుంది.

అన్నీ ఆలోచించినవాళ్లు ఒక్కటి మర్చిపోయారు. వేణువు ఇళ్లలోని టీవీల్లో వినిపిస్తుంది గాని స్టూడియోలో వినిపించదు. అక్కడ నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉంటుంది. కనుక మొదటి గురువారం వచ్చిన పశుసంవర్ధక మంత్రిగారు ఎప్పటిలాగే కదిలి, కండువా సర్దుకుని, ఆవుల సంగతి పూర్తిగా చెప్పేశారు. రాష్ట్ర ప్రజలు మాత్రం ఆయన పెదాలు ఆడటం చూస్తూ మోహన రాగం విన్నారు.

హైమావతికి ఒళ్లు మండిపోయింది. కార్యక్రమం కాగానే నేరుగా అధ్యక్షులవారి గదికి వెళ్లింది. ఆయన ఆనందంతో తబ్బిబ్బవుతున్నారు.

"అద్భుతము! సత్యమును పలికించితిమి. ఎవ్వరికిని వినిపింపలేదు. ఉభయతారకము!"

"ఎవరికీ వినబడని నిజం ఎందుకండీ?"

"నిజము నిజమే కదా తల్లీ. వినబడుటయు, వినబడకుండుటయు దానికి ఉపాధులు." ఆయన కాస్త ముందుకు వంగారు. "ఇక ఒక హెచ్చరిక. సంగీతము చాటున విన్నది అధికార రహస్యము. బయట పలికినచో చెరసాల."

ఆ తరవాత మంత్రులు క్యూ కట్టారు. ఇదివరకు గురువారం అంటే జ్వరం తెచ్చుకునేవాళ్లు ఇప్పుడు సిఫారసులు పంపించడం మొదలుపెట్టారు. వచ్చి కూర్చుని, కడుపులో ఉన్నదంతా కక్కి, "ప్రాణం తేలికపడిందమ్మా," అని వెళ్లేవారు. ప్రతిపక్షంవాళ్లు తమకు వేణువు తక్కువ వేస్తున్నారని అసెంబ్లీలో ధర్నా చేశారు. అధికార పక్షానికి మోహన రాగం వేసి, తమకు మాత్రం ఏదో చవకబారు రాగం తగిలిస్తున్నారని ఒక సభ్యుడు కంటతడి పెట్టాడు. వాళ్లకూ సమానంగా మంజూరైంది. హైమావతి ఇంటికెళ్లి మంచం మీద వాలిపోయేది. ఊళ్లోని మురుగంతా తన చెవిలోకి మళ్లించి, పైన పూలకుండీ పెట్టినట్టనిపించేది ఆవిడకి. ఉద్యోగం మానేద్దామని చాలాసార్లు అనుకుంది. మానేస్తే ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెడతారో తెలుసు గనక ఊరుకుంది.

జనం సంగతి మండలివారికి తెలియదు. మండలివారు టీ కొట్ల దగ్గర నిలబడరు. నిలబడి ఉంటే, తెరమీద వేణువు మొదలవగానే "అదుగో, వచ్చిందిరోయ్!" అని జనం లేచి నిలబడటం చూసి ఉండేవారు. పొగ ఉన్నచోట నిప్పుంటుందని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇలా ఉండగా ఒకరోజు మండలి ఆఫీసు మెట్లమీద ఒక మనిషి హైమావతి కోసం పొద్దుటినుంచీ కూర్చుని ఉంది. చేతిలో నీళ్ల సీసా. పేరు పైడమ్మ, ఊరు చింతలమెట్ట. ఆ ఊళ్లో ప్రభుత్వంవారు రక్షిత మంచినీటి పథకం పెట్టారు. ముఖ్యమంత్రిగారి పుట్టినరోజున జలశాఖ మంత్రి దండుబోయిన సత్యలింగంగారు వచ్చి కుళాయి తిప్పారు. అదే రోజున ఊరి పాతబావికి ఇనపచట్రం బిగించి తాళం వేశారు. రక్షిత జలం ఉండగా అరక్షిత జలం తాగడం పథకాన్ని అవమానించడమట. ఆ తరవాత ఊళ్లో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. అధికారులు వచ్చి చూసి, జనానికి మంచినీళ్లు అలవాటు లేక ఇలా అవుతోందని రాసుకుపోయారు.

"మా పెద్దది పోనాదమ్మా," అంది పైడమ్మ. "సిన్నోడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ నీల్లు తాగొచ్చా, తాగకూడదా? అదొక్కటీ సెప్పు సాలు."

సీసాలో నీళ్లు పల్చటి మజ్జిగ తేటలా ఉన్నాయి. హైమావతి సీసాను వెలుతురుకి ఎత్తి చూసింది. "తాగకండమ్మా. ఊళ్లో ఎవర్నీ తాగనివ్వకండి."

"నువ్వు సెప్పితే నాను ఇంతాను. ఊరు ఇనదు కదా. పెసిడెంటుబాబు మంచి నీల్లే అంతాడు. బావికి తాలం. గవర్నమెంటోల్లు ఆల నోటితో మంచివి కావని అంతేనే గాని తాలం తియ్యరంట, నీల్ల బండీ పంపరంట. ఆ మంత్రిబాబు నీ ఎదురుగా కూకుంతాడు గదా. ఆయన్నడుగు తల్లీ. నిజవే సెప్పించు."

ఇప్పుడు అడిగినా ఏం లాభం లేదనీ, చెప్పినా ఎవరికీ వినబడదనీ ఆ మనిషి మొహం చూసి అనలేకపోయింది హైమావతి. "అడుగుతాను," అని మాత్రం అంది. పిల్లను పోగొట్టుకున్న తల్లికి వేణువు సంగతి ఎలా వివరించడం?

ఆ గురువారం సత్యలింగంగారు ఇస్త్రీ మడత నలగకుండా వచ్చి కూర్చున్నారు. వేణువు ఉందన్న ధీమాతో హైమావతికి ఎదురు నమస్కారం పెట్టి, ఇంట్లో అందరూ కులాసాయేనా అని కూడా అడిగారు. కార్యక్రమం మొదలైంది.

"చింతలమెట్టలో మీరు ఇచ్చిన నీళ్లు తాగొచ్చా మంత్రిగారూ?" అంది హైమావతి.

"ఎంత మాటమ్మా! మా ప్రభుత్వం గంగమ్మ తల్లిని గడపగడపకూ తీసుకొచ్చింది. భగీరథుడు ఒక్క గంగను తెచ్చాడు, మా ముఖ్యమంత్రిగారు ఊరికో గంగను తెచ్చారు. నీళ్లంటే ఏమిటి? నీళ్లంటే ప్రగతి! నీళ్లంటే..."

నీళ్లంటే ఏమేమిటో ఆయన చాలాసేపు చెప్పారు. ఆయన చెప్పడం అయ్యాక హైమావతి ఆయన వంక చూసింది. పైన కంట్రోల్ రూములో అధ్యక్షులవారి పక్కన కూర్చున్న భీమేశ్వరం బటన్ నొక్కాడు. రాష్ట్రమంతా మోహన రాగం మొదలైంది.

స్టూడియోలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మంత్రిగారు నవ్వారు. హైమావతి నవ్వలేదు. ఆయన కండువా సర్దుకున్నారు. ఎదురుగా ఉన్న గ్లాసు అందుకుని, ఎందుకో మళ్లీ కింద పెట్టేశారు. నుదుటిమీద చెమట పట్టింది. ఆవిడ అలాగే చూస్తోంది. ఈసారి ఆ చూపులో పైడమ్మ పెద్దపిల్ల కూడా ఉంది.

"అంటే ఏమిటంటేనమ్మా, ఇసక పొయ్యలేదు," అన్నారు సత్యలింగంగారు. "ఫిల్టరు తొట్టెల్లో ఇసకా కంకరా పొయ్యాలి. అప్పుడే నీళ్లు వడపోత అవుతాయి. పుట్టినరోజు ముంచుకొచ్చేసింది. ఉత్త తొట్టెలే ప్రారంభించేశాం. చెరువు నీళ్లు అటునుంచి వచ్చి ఇటునుంచి పోతున్నాయి. తరవాత పోయిద్దాం అనుకున్నాం. ఇప్పుడు పోస్తే, ఇదివరకు లేదని ఒప్పుకున్నట్టవుతుంది కదమ్మా? ఎలా పొయ్యమంటావు?"

హైమావతి చెంపలమీద నీళ్లు కారుతున్నాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో కెమెరా ముందు ఆవిడ ఏడవడం అదే మొదలు. మంత్రిగారు ప్రాణం తేలికపడి, గ్లాసు పక్కకి నెట్టి, జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు. ఆలాపన పూర్తయ్యాక భీమేశ్వరం బటన్ మీంచి వేలు తీశాడు. అప్పటికి మంత్రిగారు, "కాబట్టి ప్రజలు నిశ్చింతగా ఉండవచ్చు," అంటున్నారు. అది మాత్రం అందరికీ స్పష్టంగా వినిపించింది.

చింతలమెట్టలో పంచాయతీ టీవీ ముందు ఊరంతా కూర్చుని ఉంది. హైమావతి ప్రశ్న విన్నారు. వేణువు విన్నారు. వేణువు వెనక మంత్రిగారి పెదాలు ఆడటం, చెమట తుడుచుకోవడం, ఎదురుగా మనిషి ఏడవడం చూశారు. రాగం ఇంకా అవలేదు, ఒక ముసలాయన లేచి కండువా దులుపుకున్నాడు. వెనకాలే అందరూ లేచారు. ప్రెసిడెంటు అడ్డం పడుతున్నా వినకుండా గడ్డపార తెచ్చి బావి తాళం పగలగొట్టారు. ఇళ్లకెళ్లి బిందెల్లోని రక్షిత జలాన్ని వీధిలో గుమ్మరించారు.

మర్నాడు పోలీసులు వచ్చారు. బావికి కొత్త తాళం పడింది, పాత తాళం సాక్ష్యంగా సంచీలోకి వెళ్లింది. గడ్డపార పట్టుకున్నది తనేనని పైడమ్మ ముందుకొచ్చి చెప్పింది గనక ఆవిడ మీద కేసు పెట్టారు. మంత్రిగారు నీళ్లు బాగాలేవని ఎక్కడా అనలేదు. ప్రజలు నిశ్చింతగా ఉండవచ్చని రాష్ట్రమంతా వినేలా అన్నారు. అయినా తాళం పగలగొట్టారంటే, అది ప్రభుత్వపు మాట మీద దౌర్జన్యం కాక మరేమిటి? దీని వెనక హైమావతి కన్నీళ్ల కుట్ర ఉందని సత్యలింగంగారు ఆరోపించారు. తన నిర్దోషిత్వాన్ని రాష్ట్రం కళ్లారా చూడాలనీ, విచారణను ప్రత్యక్షంగా ప్రసారం చెయ్యాలనీ పట్టుబట్టారు. మండలి సరేనంది.

మండలి హాల్లో విచారణ మొదలైంది. అధ్యక్షులవారు పెద్ద కుర్చీలో కూర్చున్నారు. ఆయన ముందు బల్లమీద పగిలిన తాళం, పక్కన కొత్త తాళంచెవి పెట్టారు. హైమావతి ఒక పక్క నిలబడింది, పైడమ్మ ఇంకో పక్క. చిన్నోడిని ఆసుపత్రిలో పక్కింటావిడ దగ్గర వదిలి వచ్చిందావిడ. విచారణలో మంత్రిగారు ఏమీ అనలేదని తేలితే బావి తాళం శాశ్వతం, పైడమ్మకు జైలు. ఆ సంగతి హైమావతికి తెలుసు. నిజం తను చెబితే, పగతో చెప్పిందంటారు. చెప్పినవాడు కాదంటాడు, విన్నవాళ్లు వినలేదంటారు. పైడమ్మకు మాత్రం జైలు తప్పదు.

"సదరు కార్యక్రమమున మంత్రివర్యులు ఏమి సెలవిచ్చిరో నీకు వినబడినదా?" అని అధ్యక్షులవారు పైడమ్మను అడిగారు.

"నేదు బాబూ."

"వినబడనిచో నీరు మంచిది కాదని నీకు ఎట్లు తెలిసినది?"

"మంచియైతే మంచియని సెప్పడానికి సన్నాయి ఎందుకు బాబూ?"

"సన్నాయి కాదు, వేణువు," అని అధ్యక్షులవారు సవరించారు. ఆ సవరణతో ఆ సాక్షి పని అయిపోయిందనుకుని హైమావతి వైపు తిరిగారు. "ఇక మీరు ధ్రువీకరింపుడు. వేణునాద సమయమున మంత్రివర్యులు నీటి విషయమున ప్రతికూలముగా ఏమియు పలుకలేదు. అవునా, కాదా?"

హైమావతి ఆయన వంక చూసింది.

"అవునా, కాదా?" అన్నారాయన మళ్లీ.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని అలాగే చూస్తూ నిలబడింది. అధ్యక్షులవారు కుర్చీలో కదిలారు. కదులుతూనే తను కదులుతున్నానని ఆయనకే తెలిసిపోయింది. గాభరాగా తలెత్తి, అద్దాల వెనక కంట్రోల్ రూములో ఉన్న భీమేశ్వరానికి చెయ్యి ఊపారు. ఊదినట్టు వేళ్లు ఆడించి చూపించారు.

భీమేశ్వరం మైకులోంచి వినయంగా అన్నాడు. "రూలు లేదండి. వ్యాఖ్యాత వహించు మౌనానికి మాత్రమే సంగీతం అని ఉందండి. ఈరోజు ఆవిడ ముద్దాయండి. ప్రశ్నలడిగేది తమరు. ముద్దాయి మౌనానికి ఆర్డరు లేదండి."

అధ్యక్షులవారు ఉత్తరీయం సర్దుకున్నారు. మంచినీళ్లు తాగబోయి ఆగి, గ్లాసు వంక చూశారు. హైమావతి చూపు తిప్పలేదు. ఈ మౌనం కూడా పనిచెయ్యకపోతే ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేరు.

"అంటే ఏమిటంటేనమ్మా..." అన్నారు పురుషోత్తమరావుగారు.

శిలాశాసనం మాయమైంది. ఇంట్లో భార్యతో మాట్లాడే గొంతు బయటికొచ్చింది. "ఇసక పొయ్యలేదనే అన్నాడమ్మా ఆయన. నేను కంట్రోల్ రూములో కూర్చుని చెవులారా విన్నాను. ఉత్త తొట్టెలట, చెరువు నీళ్లేనట. ఆ ఊళ్లో పిల్లలు పోయారని నాకూ తెలుసు. పైనుంచి ఫోనొచ్చింది, సంగతి నొక్కెయ్యమన్నారు. నాకింకా కొంతకాలం పదవి ఉంది, మా అల్లుడి బదిలీ ఉంది, ఏం చెయ్యను చెప్పు? నేను మటుకు ఇక్కడి నీళ్లు తాగను, నీళ్ల టిన్ను తెప్పించుకుంటాను..."

అది రాష్ట్రమంతా వింది. మోహన రాగం లేకుండా వింది.

ఆ తరవాతి సంగతులు మామూలే. సత్యలింగంగారి శాఖ మార్చి, ఆయనకు కళలంటే ఇష్టమని సాంస్కృతిక శాఖ ఇచ్చారు. అకారణ మౌనం అనే నేరం కింద హైమావతిని ఉద్యోగంలోంచి తీసేశారు. మండలి అత్యవసరంగా సమావేశమై, ఇకమీదట సాక్షులకూ, ముద్దాయిలకూ, అధ్యక్షులకూ కూడా వేణువు మంజూరు చేసింది. సంతాప సభల్లో పాటించే మౌనానికి ఏ రాగం వెయ్యాలన్నది ఇంకా తేలలేదని వినికిడి.

కాని ఆరోజు హాల్లో ఇవేవీ ఇంకా జరగలేదు. అధ్యక్షులవారు చెప్పాల్సినదంతా చెప్పేసి, ఏం చెప్పానా అని నోరు తెరుచుకుని కూర్చున్నారు. పైడమ్మ బల్ల దగ్గరికి నడిచి వచ్చింది.

"అయితే తాగకూడదన్నమాట," అంది. "తాలంసెవి ఇచ్చీ బాబూ. ఊళ్లో పిల్లలున్నారు."

ఆ మాటతో అధ్యక్షులవారికి పదవి గుర్తొచ్చింది. నిటారుగా కూర్చుని గొంతు సవరించుకున్నారు. "తాళపుచెవి విషయము పరిశీలనయందున్నది. తగు సమయమున తగు అధికారి ద్వారా తగు రీతిని..."

పైడమ్మ ఇంకేమీ అడగలేదు. చెయ్యి చాపి, ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది.

ఆయన కళ్లు మళ్లీ అద్దాల వైపు వెళ్లాయి. అద్దాల వెనక భీమేశ్వరం, రూలు లేదన్నట్టు, రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. హైమావతి పక్కకి జరిగి పైడమ్మకు దారి ఇచ్చింది. అధ్యక్షులవారు కాసేపు ఆ చాపిన చేతినీ, కాసేపు ఆ తల్లి మొహాన్నీ చూశారు. తరవాత తాళంచెవిని బల్లమీద ఆవిడ ముందుకు జరిపారు.